కెంపు రంగు కార్లు: పాతబస్తీలో ఒక పనితనం చరిత్ర

వెలిసిపోయిన కారుకు మళ్ళీ రంగు తెప్పించే పనికి హైదరాబాదు పాతనగరంలో దాదాపు కారుకు ఉన్నంత చరిత్ర ఉంది. మొదట్లో అది నవాబుల బండ్ల కోసం సాగింది. తర్వాత టాక్సీల కోసం, ఆ తర్వాత సెకండ్ హ్యాండులో కొన్న ఫియట్ల కోసం, కాంటెస్సాల కోసం సాగింది. బండ్లు మారాయి, డబ్బాలోని రంగు మారింది. ఉస్తాద్ పక్కన నిలబడి చేత్తో తడిమి నేర్చుకునే పద్ధతి మాత్రం చాలాకాలం మారలేదు.

ఈ పని కనిపించే పేటల్లో ఒకటైన యాకుత్‌పురా పాతనగరానికి తూర్పు అంచున ఉంది. నగర ప్రాకారం నిలిచి ఉన్న రోజుల్లో ఇక్కడ యాకుత్‌పురా దర్వాజా ఉండేది. ఆ ప్రాకారపు దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే: పక్కపేటలోని దబీర్‌పురా దర్వాజా, మూసీ ఒడ్డున పురానాపూల్ దర్వాజా. కాచిగూడ నుంచి ఫలక్‌నుమా వెళ్ళే రైలు దబీర్‌పురా దాటగానే యాకుత్‌పురా స్టేషనులో ఆగుతుంది. ఈ పేటల్లో ఇల్లూ పనిశాలా కలిసే ఉంటాయి. గల్లీ మలుపులో ఒక రేకుల షెడ్డు, మూలన కంప్రెసర్, గోడ నిండా షేడు చూసుకోవడానికి చల్లిన రంగుల మరకలు, బయట నీళ్ళ బకెట్టులో నానుతున్న వాటర్ పేపరు ముక్కలు ఉన్నాయంటే అక్కడ కార్ల రంగుపని జరుగుతున్నట్టే. పేట పేరులోని యాకూత్ అంటే ఫార్సీలో, ఉర్దూలో కెంపు. కెంపుకు ఎరుపునిచ్చేది స్ఫటికం లోపల ఇమిడిపోయిన క్రోమియం. నూరేళ్ళు ఎండలో ఉంచినా ఆ ఎరుపు తగ్గదు. కారు మీది ఎరుపుకు ఆ భాగ్యం లేదు. అన్ని రంగుల్లోకీ ముందు వెలిసేది అదే, ఉస్తాదులను ఎక్కువ కష్టపెట్టేదీ అదే.

తొలి కార్ల రంగుపని ప్రపంచమంతటా బగ్గీల రంగుపనికి కొనసాగింపు. హైదరాబాదులో దీన్ని కళ్ళారా చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళాలి. అక్కడ బగ్గీలూ కార్లూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. వాటిలో అందరూ ఆగి చూసేది పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డరిచ్చారు. 1911 ఆగస్టులో ఆయన చనిపోవడంతో బండి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ఇంజనూ ఛాసిస్సూ రోల్స్ రాయిస్‌వి. పై బాడీ మాత్రం ఇంగ్లండులో బగ్గీలు కట్టి పేరు తెచ్చుకున్న బార్కర్ కంపెనీ కట్టింది. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ఉత్సవాలప్పుడే బయటికి తీసే బండి కాబట్టి దశాబ్దాల తరబడి అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే.

తిరగని బండికి రంగు చెడదనుకోవడం పొరపాటు. ఆనాటి రంగులకు ఆధారం అవిసె నూనె. ఒక పూత వేసి రోజుల తరబడి ఆరనిచ్చి, నురగరాయితో నీళ్ళు పోస్తూ రుద్ది, దానిమీద మరో పూత వేసి, చివర వార్నిష్‌తో ముగించేవారు. ఒక బండి తయారవడానికి వారాలు పట్టేది. అంత ఓపికతో వేసిన పూతకు రెండు వైపులా శత్రువులే. ఎండలో పెడితే బీటలు వారుతుంది, చీకటి గదిలో మూసిపెడితే అవిసె నూనె పచ్చబారుతుంది. రాచనగరుల్లో బండ్లను కడిగి తుడిచి ఎండపట్టించి చూసుకోవడానికి మనుషులు ఉండాల్సి వచ్చింది అందుకే. యాకుత్‌పురాకు దగ్గర్లోని పురానీ హవేలీలో, ఏడో నిజాం రజతోత్సవ కానుకలు ఉంచిన నిజాం మ్యూజియంలో, 1930 నాటి రోల్స్ రాయిస్‌తో పాటు ఒక ప్యాకర్డ్, ఒక జాగ్వార్ మార్క్ 5 ఉన్నాయి. మార్క్ 5ను జాగ్వార్ 1948లో లండన్ మోటారు ప్రదర్శనలో ఆవిష్కరించింది.  

రంగుపనిని తలకిందులు చేసిన సరుకు 1923లో వచ్చింది. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను కార్లకు తెచ్చింది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు దాన్ని నీలంగా వేసుకుని బజారులోకి వచ్చాయి. వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. కుంచె పోయి స్ప్రే గన్ వచ్చింది. డ్యూకో ఒక కంపెనీ పెట్టిన పేరు అయినా మన దగ్గర అది పని పేరుగానే స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఇనుప బీరువాకైనా, చెక్క తలుపుకైనా గన్‌తో నున్నగా రంగు కొట్టిస్తే దాన్ని డ్యూకో పెయింటింగ్ అనే అంటారు.

ఆ డ్యూకో డబ్బాలో ఉన్నది తెలంగాణ రైతుకు తెలియని సరుకేమీ కాదు. నైట్రోసెల్యులోజ్‌కు మూలం పత్తి. అది ఎండిపోయి పెంకులా పగలకుండా మెత్తదనం ఇవ్వడానికి కలిపే నూనెల్లో ఆముదం ఒకటి. నిజాం రాజ్యం ఆముదాల పంటకు పేరుమోసిన నేల. రేసు కార్ల ఇంజన్లకు కూడా ఆ రోజుల్లో ఆముదాన్ని మించిన కందెన లేదు. 1909లో ఇంగ్లండులో పుట్టిన కాస్ట్రాల్ నూనెకు ఆ పేరు ఆముదానికి ఇంగ్లిషులో ఉన్న మాట నుంచే వచ్చింది. లాకర్ అనే మాటకు మూలం లక్క. చార్మినార్ పక్కన లాడ్ బజారులో గాజులు చేసే అదే లక్క. పేరు ఇక్కడి నుంచి పోయింది, సరుకు సముద్రం దాటి డబ్బాల్లో తిరిగి వచ్చింది.

కొత్త సరుకు కొత్త తిప్పలు కూడా తెచ్చింది. లాకర్‌లో కలిపే తిన్నర్ చాలా త్వరగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. వానాకాలంలో గాలి తేమగా ఉన్నప్పుడు, ఆ చల్లని రేకు మీద కంటికి కనిపించనంత సన్నగా నీరు చేరి పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. నల్ల కారు మీద ఇది దారుణంగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఆరే తిన్నర్ కొంచెం కలిపి పైనుంచి పలచగా మరో పూత కొడితే తెలుపు విరుగుతుంది. ఆకాశం చూసి తిన్నర్ ఎన్నుకోవడం పెయింటర్ నేర్చుకునే తొలి విద్యల్లో ఒకటి అయింది. రంగు కొట్టడానికి వేరే మూసిన గది, అంటే బూత్, లేని గల్లీ షెడ్డులో ఆ విద్యకు విలువ మరీ ఎక్కువ.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు ఆదాయం మీద నడిచిన నవాబుల దేవిడీలకు, అంటే భవంతులకు, పెద్ద కార్లను పోషించడం భారమైంది, బండ్లు చేతులు మారడం మొదలైంది. దాదాపు అదే సమయంలో దేశమంతటా కొత్త కార్లకు కరువు వచ్చింది. 1928 నుంచి బొంబాయిలో విడిభాగాలు తెప్పించి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్, ఇక్కడే తయారీ చేపట్టేవాళ్ళకే అనుమతి అని 1953లో ప్రభుత్వం విధానం మార్చడంతో 1954లో ఆ పని మూసేసింది. దేశంలో కొనదగ్గ కార్లు అంబాసిడర్, ఫియట్, మద్రాసులో చేసిన స్టాండర్డ్ అనే మూడు పేర్లకు కుదించుకుపోయాయి. బుక్ చేసుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఉన్న బండిని బతికించుకోవడం తప్ప వేరే దారి లేని ఆ 30 ఏళ్ళే పాతబస్తీ రంగుపనికి అసలు బలాన్నిచ్చాయని చెప్పాలి. నవాబుల కాలం ఈ పనికి అందాన్ని ఇచ్చింది. కరువు కాలం దాన్ని బతుకుతెరువు చేసింది.

రేకును లొంగదీసుకునే నేర్పు నగరానికి మరోవైపు నుంచి కూడా చేరింది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1942లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్ తర్వాత హైదరాబాద్ ఆల్విన్‌గా బస్సుల బాడీలు కట్టి దేశంలో పేరు తెచ్చుకుంది. పెద్ద రేకులు కోయడం, వంచడం, వెల్డు చేయడం, రంగు వేయడం వందలమందికి రోజువారీ పని అయింది.

సొట్టలు తీసి రేకును సరిచేసే పనిని కోస్తాలో టింకరింగ్ అంటారు, హైదరాబాదులో డెంటింగ్ అంటారు. రంగు ఎంత బాగా వేసినా కింది రేకు ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు ఆ వంకరనే చాటి చెబుతుంది కాబట్టి డెంటర్ పని ముందు, పెయింటర్ పని తర్వాత. డెంటర్ రేకుకు లోపలి వైపు డాలీ అనే ఇనుప దిమ్మను ఆనించి పట్టుకుని, బయటి నుంచి చిన్న సుత్తితో తడుతూ పోతాడు. గట్టిగా కొడితే రేకు సాగి బుగ్గలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బును దించడం సొట్ట తీయడం కన్నా కష్టం. అందుకే దెబ్బలు చిన్నవి, లెక్కకు మించినవి. మధ్యమధ్యలో కిరసనాయిలు గుడ్డతో రేకును తడిపి, వంగి, వెలుతురు దానిమీద ఎలా జారుతోందో చూస్తాడు. నమ్మకం మాత్రం కంటి మీద కాదు, అరచేతి మీద. కళ్ళు మూసుకుని అరచేతిని రేకు మీద నిదానంగా జరిపితే కంటికి అందని లోతు చేతికి తగులుతుంది. మిగిలిన చిన్న పల్లాలను పూర్వం సీసం, తగరం కలిపి కరిగించిన మిశ్రమంతో నింపేవారు. ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి వేసే వీధుల్లో తగరాన్ని కరిగించి పులమడం కొత్త విద్య కాదు. తర్వాత లప్పం వచ్చి సీసాన్ని తోసేసింది. అది చవక, తేలిక. పని తెలియనివాడి చేతిలో అంత ప్రమాదం కూడా, ఎందుకంటే సుత్తి పని ఎగ్గొట్టి వేలు మందాన లప్పం పూసి కప్పేయవచ్చు. రెండు వానాకాలాలు గడిచేసరికి అది పెచ్చులుగా ఊడి వస్తుంది.

కొత్త కార్లకు కరువున్న దేశంలో స్పోర్ట్స్ కారు అనే మాటకు అర్థం కూడా వేరుగా స్థిరపడింది. అసలైన రెండు సీట్ల విదేశీ బండ్లు రాజకుటుంబాల వద్దా, కొద్దిమంది ధనవంతుల వద్దా ఉండేవి. మిగతావాళ్ళకు స్పోర్ట్స్ కారంటే మామూలు కారును వేగానికి, అందానికి తగ్గట్టు మార్చుకున్నది. మద్రాసు దగ్గర షోలవరంలో పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన పోటీల్లో ఫియట్లూ హెరాల్డులూ పరుగెత్తాయి. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు మొదట రెండు తలుపుల బండి. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును కట్టింది కూడా హెరాల్డు ఛాసిస్ ఆధారంగానే. 1980ల్లో హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన కాంటెస్సా పొడవాటి బానెట్టుతో, వెనక చక్రాల నడకతో యువకులకు కలల బండి అయింది. 1990ల చివర శాన్ మోటార్స్ తెచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్ ఫైబర్ బాడీ బండి. దానికి తుప్పు భయం లేదు కానీ పూత కింద ఫైబర్ సన్నగా చీలితే డెంటర్ సుత్తికి అక్కడ పని ఉండదు.

సెకండ్ హ్యాండులో వచ్చిన కాంటెస్సాకో ఫియట్‌కో పని మొదలయ్యేది రంగు దగ్గర కాదు. ముందు తివాచీలు పీకి నేల చూస్తారు. తలుపుల అడుగు, చక్రాల పైవంపు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, ముందు అద్దం రబ్బరు కింద నీరు నిలిచే చోటు: తుప్పు దాక్కునేది ఇక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లోపలికి దిగిపోయిన రేకును కోసేసి, కొత్త రేకు వెల్డు చేస్తారు. బ్రేకులు, స్టీరింగు, ఇంజను ఆ తర్వాత. రంగు అన్నిటికన్నా చివర. కొత్త రంగు మీద గ్రీజు చేతులు పడితే వేసిందంతా వృథా. దొరకని భాగాల కోసం వెతుకులాట పుత్లీబౌలి దుకాణాల్లో, సికింద్రాబాదు రాణిగంజ్‌లో, గురువారం సంతగా మొదలైన జుమేరాత్ బజారు పాతసామాను గుట్టల్లో సాగుతుంది. అదే పాతసామానుతో బ్యాటు, బర్గరు, బూటు ఆకారాల్లో నడిచే కార్లు కట్టి బహదూర్‌పురాలో 2010లో మ్యూజియం తెరిచిన కె. సుధాకర్ పని చూస్తే ఈ నగరంలో తుక్కు ఎంత విలువైన ముడిసరుకో తెలుస్తుంది.

రంగు ఎందుకు వెలుస్తుంది? ఎండలోని అతినీలలోహిత కిరణాలు పూతలోని రెసిన్‌ను కొద్దికొద్దిగా విరగ్గొడతాయి. పై పొర పొడిబారి సుద్దలా అవుతుంది. ఎరుపునిచ్చే సేంద్రియ వర్ణకాల అణువులు కూడా అదే దెబ్బకు విరిగి రంగు పోగొట్టుకుంటాయి. కింద ఉన్న రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌లోని ఎరుపు మాత్రం ఐరన్ ఆక్సైడ్, అంటే జేగురు జాతిది. అది వెలవదు. పైన ఖరీదైన ఎరుపు గులాబీగా మారిపోయిన కారులో, అడుగున చవక ఎరుపు మొదటి రోజున ఉన్నట్టే ఉంటుంది.

వెలిసిన ఎర్ర బానెట్టు ముందు నిలబడ్డ ఉస్తాద్ మొదట చేసే పని తెల్ల గుడ్డకు కొంచెం కాంపౌండ్ అద్ది ఒక మూల రుద్ది చూడటం. గుడ్డకు ఎరుపు అంటిందంటే అది ఒకే పొర ఇనామెలో లాకరో. దాన్ని బతికించవచ్చు. షాంపూ నీళ్ళతో కడిగి, నీడలో పెట్టి, రేకు చల్లబడ్డాక 1500 నంబరు వాటర్ పేపరును సబ్బునీళ్ళలో ముంచి, రబ్బరు దిమ్మకు చుట్టి, ఒకే దిశలో తేలిగ్గా రుద్దుతాడు. గులాబీ రంగు పాలలా కారుతుంది. పేపరును 2000కు మారుస్తాడు. అంచుల మీద, మడతల మీద పేపరు ఆనించడు, అక్కడ పూత పలచన. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, ఆ తర్వాత పాలిష్, చివర మైనం. రెండు చేతుల వెడల్పు మేర పని పూర్తయ్యాక పక్కనున్న పాత భాగంతో పోల్చి చూస్తే రెండు వేరు వేరు కార్లనిపిస్తుంది. మొత్తం రంగు గీకి కొత్తది కొట్టడం కన్నా ఇది పెద్ద విద్య. కొత్త రంగు తప్పును కప్పుతుంది. పాత రంగును తేల్చడంలో ఒక్క రుద్దు ఎక్కువైనా ప్రైమర్ బయటపడుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకోవడం కుదరదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ లెక్కలు మెల్లగా మారాయి. మెటాలిక్ రంగులు, వాటిమీద పారదర్శకమైన క్లియర్ కోట్ తర్వాతి రెండు దశాబ్దాల్లో మామూలు బండ్లకు కూడా దిగాయి. గుడ్డకు రంగు అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. దాని మందం 40 మైక్రాన్ల ప్రాంతం, తల వెంట్రుక కన్నా తక్కువ. మసకబారితే పాలిష్‌తో తేలుతుంది కానీ పొట్టు లేచిందంటే ఇక పాలిష్ పని చేయదు, ఆ ప్యానెల్ మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే. అప్పుడు షేడు కలపడం అసలు పరీక్ష. పాతకాలం పెయింటర్ నాలుగైదు డబ్బాల్లోంచి చుక్కచుక్కగా కలిపి, రేకు ముక్క మీద కొట్టి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి బండి పక్కన పెట్టి చూసేవాడు. కంప్యూటర్ మిక్సింగ్ వచ్చాక కోడు చెబితే డబ్బా చేతికి వస్తుంది. అయినా సిల్వర్ రంగు దగ్గర కంప్యూటర్ కూడా ఓడుతుంది. గన్‌లో గాలి ఒత్తిడి, తిన్నర్ మోతాదు, చేతి దూరం మారితే అల్యూమినియం రవ్వలు పడుకునే తీరు మారి షేడు తేడా వస్తుంది. పైగా కోడు చెప్పేది ఫ్యాక్టరీలో పుట్టిన రంగును. పదేళ్ళ ఎండ తిన్న పక్క తలుపు రంగు దానికి తెలియదు.

క్లియర్ కోట్‌తో పాటు వచ్చిన గట్టిపరచే రసాయనం గురించి ఈ చరిత్రలో చెప్పకుండా ఉండకూడదు. రెండు డబ్బాలు కలిపి వాడే పాలీయురేథేన్ రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీల్చినవారిలో కొందరికి ఉబ్బసం తెస్తాయి, ఒకసారి పట్టుకుంటే తర్వాత కొద్దిపాటి పొగకే ఊపిరి బిగుసుకుంటుంది. ముక్కుకు కట్టుకున్న రుమాలు దుమ్మును ఆపుతుందేమో గానీ ఆ ఆవిరిని ఆపదు. తగిన మాస్కు, గాలి బయటికి లాగే బూత్ ఉండాలి. ఇళ్ళ మధ్య షెడ్డులో ఆ బూత్ పెట్టడానికి చోటు ఉండదు. ఇంత అందాన్ని తయారుచేసే చేతుల వెనక ఊపిరితిత్తులను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం ఈ వృత్తికి జరిగిన పెద్ద అన్యాయం.

పాత బండ్లకు చట్టంలో ప్రత్యేక స్థానం 2021 జూలైలో దొరికింది. 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలు అప్పుడే వచ్చాయి. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. నమోదు పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకు కాదు, ప్రదర్శనలు, ర్యాలీలు వంటి వాటికే రోడ్డెక్కాలి. దీంతో రంగుపనికి ఇచ్చే ఆదేశమే మారింది. ఒకప్పుడు బండి యజమాని కొత్తదానిలా మెరవాలని అడిగేవాడు. ఇప్పుడు పుట్టినప్పటి రంగు తెలుసుకోవాలి. డ్యాష్‌బోర్డు వెనక, తలుపు రబ్బరు కింద, స్టెప్నీ గుంటలో ఎండ తగలని చోట అది ఇంకా దాక్కుని ఉంటుంది. కాంపౌండ్‌తో అక్కడ ఒక అంగుళం మేర తుడిచి, ఆ అంగుళాన్ని నమూనాగా పెట్టుకుని బండి మొత్తానికి షేడు కలుపుతారు.